ఉన్ని లేని గొర్రె, ఉన్ని కోసం మొదలైన శాస్త్రం

నెల్లూరు గొర్రె ఒంటిమీద కత్తెర పెట్టే పని కాపరికి ఉండదు. పొడవాటి కాళ్లు, వేలాడే చెవులు, మేకను తలపించే పొట్టి వెంట్రుకలు దాని రూపం. మూపు, రొమ్ము, పిరుదుల దగ్గర మాత్రమే వెంట్రుకలు కాస్త ఒత్తుగా ఉంటాయి. దేశంలోని గొర్రె జాతులన్నిటిలో ఎత్తైనది ఇదే. తెల్లగా ఉండేదాన్ని పల్ల అనీ, తెలుపు మీద కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్లమచ్చలున్నదాన్ని జోడిపి అనీ, ఎర్రగోధుమ రంగుదాన్ని దొర అనీ అంటారు. ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు మెట్ట ఊళ్లలో మందను నమ్ముకున్న ప్రతి కాపరికీ మంచి విత్తన పొట్టేలు ఎక్కడ దొరుకుతుందన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న శాస్త్రవేత్తల బల్ల మీదికి అంత ఆలస్యంగా ఎందుకు చేరిందో తెలియాలంటే ఉన్ని చరిత్రలోకి వెళ్లాలి.

మన దేశంలో గొర్రెల మీద ప్రయోగాలన్నీ మొదట ఉన్ని కోసమే జరిగాయి. పంతొమ్మిదో శతాబ్దంలో నీలగిరి కొండల మీద కోయంబత్తూరు గొర్రెలను టాస్మేనియా మెరినో, చెవియట్, సౌత్‌డౌన్ అనే విదేశీ జాతుల పొట్టేళ్లతో కలిపారు. నీలగిరి జాతి అలా పుట్టింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో హిసార్ ప్రభుత్వ క్షేత్రంలో బికనీరీ గొర్రెలకు ఆస్ట్రేలియా మెరినోను దాటించి హిసార్‌డేల్‌ను తయారుచేశారు. స్వాతంత్ర్యం తరువాత, 1962లో, రాజస్థాన్‌లోని మాల్పురా దగ్గర కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ వెలిసింది. సంస్కృతంలో ‘అవి’ అంటే గొర్రె కనుక ఆ ఊరికి అవికానగర్ అని పేరు పెట్టారు. అక్కడ రూపొందిన సంకర జాతులకు అవికాలిన్, అవివస్త్ర అన్న పేర్లూ ఆ మాట నుంచే వచ్చాయి. రెండో పేరులో వస్త్రం ఉండటాన్ని గమనిస్తే ఆనాటి దృష్టి ఎటు ఉందో వేరే చెప్పనక్కర లేదు.

ఎండకు మాడే నెల్లూరు మెట్టకు ఆ దృష్టితో పనిలేదు. గొర్రె చర్మంలో రెండు రకాల కేశకూపాలు, అంటే వెంట్రుకలు మొలిచే సన్నని గుంటలు, ఉంటాయి. ముందుగా ఏర్పడేవి ప్రాథమికమైనవి, వాటి పక్కన తరువాత పుట్టేవి ద్వితీయమైనవి. మెరినోలో ఒక్కో ప్రాథమిక కూపానికి ఇరవై వరకు ద్వితీయ కూపాలు ఉంటాయి కాబట్టే సన్నని ఉన్ని చాప అల్లినంత ఒత్తుగా పెరుగుతుంది. వెంట్రుక గొర్రెల్లో ఈ నిష్పత్తి చాలా తక్కువ. పైగా వాటి వెంట్రుక మధ్యలో బోలుగా ఉండటంవల్ల నూలుగా వడకడానికి పనికిరాదు. అడవి గొర్రెలు మొదటినుంచీ ఇలాంటివే, ఉన్ని మనిషి ఎంపికవల్ల వచ్చింది. 2017లో ఫ్రాన్సు పరిశోధకులు ఐఆర్‌ఎఫ్2బీపీ2 అనే జన్యువులో చొరబడిన ఒక చిన్న డీఎన్‌ఏ ముక్కకూ ఒత్తైన ఉన్నికీ సంబంధం ఉందని చూపించారు. అంటే మన గొర్రెది లోపం కాదు, పాత రూపమే. వేసవిలో పగలంతా మేయాల్సిన జీవానికి దుప్పటి లేకపోవడం వరమని కాపరికి ఎవరూ చెప్పనవసరం లేదు.

1971లో మొదలైన అఖిల భారత సమన్వయ గొర్రెల పరిశోధన పథకంలో ఉన్నితోపాటు మాంసానికీ చోటు దొరికింది. నెల్లూరు గొర్రె శాస్త్రంలోకి అడుగుపెట్టింది ఈ దారినే. అయితే పని జరిగింది నెల్లూరులో కాదు, చిత్తూరు జిల్లా పలమనేరు పరిశోధన క్షేత్రంలో. అక్కడ నెల్లూరు, మాండ్య జాతులను ఇంగ్లాండు మూలాలున్న డార్సెట్, సఫోక్ పొట్టేళ్లతో కలిపి త్వరగా బరువెక్కే గొర్రెను తయారుచేయాలని చూశారు. ఉన్ని విషయంలో విదేశీ రక్తమే మార్గమనుకున్న ఆలోచనే మాంసానికీ వచ్చిందన్నమాట. 1990 ఏప్రిల్ 1న ఆ పథకం గొర్రెల అభివృద్ధి నెట్‌వర్క్ పథకంగా మారింది; దానితో సంకరం వెనక్కి తగ్గి, స్థానిక జాతిని అదే జాతిలోని మేలైన పొట్టేళ్లతో బాగుచేయడం ముందుకు వచ్చింది. పలమనేరులో ఆరు నెలల వయసు బరువును కొలమానంగా తీసుకుని పొట్టేళ్లను ఏరి రైతులకు ఇచ్చే పద్ధతి ఈ మలుపు ఫలితమే. నా దృష్టిలో ఇది ఇరవై ఏళ్లు ముందే రావలసింది.

ఇక్కడ ఒక పిట్టకథ. బ్రెజిల్‌లో ‘నెలోర్’ అంటే గొర్రె కాదు, మన ఒంగోలు ఎద్దు. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. నెల్లూరు పేరు ప్రపంచమంతా చుట్టింది గాని, గొర్రె మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోయింది.

అది ఇంటి దగ్గరే ఉన్నా దాని ప్రభావం తక్కువది కాదు. తెలంగాణ, రాయలసీమల్లో గొంగడికి ఉన్ని ఇచ్చేది దక్కనీ గొర్రె. ఉన్నికి ధర పడిపోయి మాంసానికి పెరిగేకొద్దీ ఆ మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లు చేరాయి, పుట్టిన పిల్లలకు ఉన్ని తగ్గింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీపై ఇచ్చిన పథకానికి జీవాలను కొన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2019 పశుగణనలో తెలంగాణకు 1.91 కోట్ల గొర్రెలతో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌కు 1.76 కోట్లతో రెండో స్థానం వచ్చాయి. అయినా 2022-23లో దేశమంతా కలిపి వచ్చిన 3.36 కోట్ల కిలోల ఉన్నిలో దాదాపు సగం రాజస్థాన్‌దే.

తోలు సంగతి వేరు. కూపాలు తక్కువగా ఉండటంవల్ల వెంట్రుక గొర్రె చర్మం బిగువుగా, గట్టిగా ఉంటుంది; చేతితొడుగులకు, మెత్తని తోలు సరుకులకు దానికి మంచి గిరాకీ. మద్రాసు తోళ్ల వ్యాపారం తంగేడు చెక్కతో చర్మాలను ఊనబెట్టి ఎగుమతి చేసిన రోజుల నుంచీ ఇలాంటి తోలుకు విలువ ఉంది. ఉన్నికి పెట్టిన శ్రద్ధలో కొంతైనా ఈ తోలుకు పెట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

తిరిగి పొట్టేలు దగ్గరకే వస్తే, ఆవులకు సాధ్యమైనది గొర్రెలకు సాధ్యపడటం లేదు. గొర్రె గర్భాశయ ముఖద్వారం మడతలు మడతలుగా ఉండటంవల్ల ఘనీభవింపజేసిన వీర్యాన్ని మామూలు పద్ధతిలో లోపలికి చేర్చడం కష్టం. అప్పటికప్పుడు తీసి చల్లబరచిన వీర్యం వాడవచ్చు గాని, అది ఎక్కువ కాలం నిలవదు. కాబట్టి మేలైన జన్యువు పల్లెకు చేరాలంటే పొట్టేలు స్వయంగా నడిచి రావాల్సిందే, పాతిక ముప్పై గొర్రెలకు ఒకటి చొప్పున. దీనికి తోడు కాపరి అవసరం ఎదురు తిరుగుతుంది: ఏపుగా పెరిగిన పొట్టేలు పిల్లకే ముందుగా బేరం వస్తుంది, అదే ముందుగా అమ్ముడుపోతుంది. మందలో మిగిలి విత్తనానికి నిలిచేది నెమ్మదిగా పెరిగినదే, అదీ చాలాసార్లు ఆ మందలో పుట్టినదే. ఈత ఈతకూ బరువు తగ్గడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. పలమనేరులో ఆరు నెలలకు తూకం వేసి అట్టేపెట్టే పిల్లను, ఇక్కడ అదే వయసులో బేరగాడు తాడు కట్టి తీసుకుపోతున్నాడు.