చిన్నీకి, బంటీకి: ఇంటికొచ్చిన చుట్టాల సంగతి

చిన్నీ, బంటీ,

మీ వాయిస్ మెసేజ్ విన్నాను, వెనకాల మిక్సీ మోత వల్ల మళ్ళీ పెట్టుకుని వినాల్సొచ్చింది. అమ్మ ఇల్లంతా మారుస్తోందని, వంటింటి గుమ్మానికి మధ్యలో చీలికలున్న జపాన్ కర్టెన్ కట్టిందని, హాల్లో మొరాకో దీపం వేలాడదీసిందని, సింకు వెనక నీలం పువ్వుల టైల్స్ అంటించిందని అన్నీ చెప్పి చివర్లో చిన్నీ అడిగింది కదా, "తాతయ్యా, మనం ఆ దేశాలేవీ వెళ్ళనే లేదు, మరి అవి మనింట్లో పెట్టుకుంటే ఫేక్ అవ్వదా?" అని. మీ నాన్న ఈ వయసులో నన్ను అడిగిందల్లా సైకిల్ ఎప్పుడు కొంటావు అనే.

నాకు తెలిసింది చెప్తాను. బయట దేశం వస్తువు ఇంటికొచ్చిన చుట్టం. చుట్టం వస్తే ఏం చేస్తాం, కాళ్ళకి నీళ్ళిచ్చి, ఏ ఊరు, అక్కడ ఏం చేస్తుంటారు అని అడిగి, కూర్చోడానికి ఓ చోటు చూపిస్తాం. ఏమీ అడక్కుండా మూల నిలబెట్టామనుకో, అప్పుడు ఆ పలకరింపు ఫేకు గానీ చుట్టం ఫేకు కాదు.

ముందు ఆ కర్టెన్ ని పలకరించండి. దాని పేరు నోరెన్. జపాన్ లో కొట్టు తెరవగానే గుమ్మానికి కడతారు, కొట్టు మూసేటప్పుడు తీసి లోపల పెట్టేస్తారు, అంటే అది వేలాడుతుంటే లోపలికి రావచ్చని, లేకపోతే ఇవాళ్టికి అయిపోయిందని. మీరు కూడా టిఫిన్ రెడీ అయితేనే కట్టమని అమ్మకి చెప్పి చూడండి, ఏమంటుందో నాకు రాయండి.

నీలం టైల్స్ చుట్టానిది పెద్ద కథ. చైనాలో జింగ్‌దెజెన్ అనే ఊళ్ళో తెల్ల పింగాణీ మీద నీలం బొమ్మలు వేసేవాళ్ళు, 14వ శతాబ్దంలో ఆ నీలానికి కావలసిన కోబాల్ట్ ఇరాన్ వైపు నుంచి వెళ్ళేది. 17వ శతాబ్దంలో ఆ గిన్నెలు ఓడల్లో హాలండ్ చేరితే అక్కడి డెల్ఫ్ట్ ఊరి కుమ్మర్లు మనమూ చేద్దాం అనుకున్నారు, కానీ అసలు పింగాణీ ఎలా చెయ్యాలో వాళ్ళకి తెలీదు, అందుకని మామూలు మట్టి కాల్చి పైన తగరం కలిపిన తెల్ల పూత పూసి దాని మీద నీలంతో గీశారు. ఇవాళ ప్రపంచమంతా దాన్ని డచ్ వాళ్ళ సొంత కళే అంటోంది. ఇందులో ఎవరిది ఫేకో నువ్వే చెప్పు చిన్నీ.

మా చిన్నప్పటి ఇల్లు కూడా అంతే. బందరు దగ్గర పల్లెటూరు, దూలాలు రంగూన్ టేకువి, గోడకి బెల్జియం అద్దం, దాన్ని ఎవరూ డెకరేషన్ అనలేదు, నాన్న దాని ముందు గడ్డం గీసుకునేవాడు. సెలవులకి పెడనలో మా మేనత్త వాళ్ళింటికి పంపేవాళ్ళు, అక్కడ వీధివీధీ కలంకారీ అద్దకం పనే. గుడ్డని కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేసేవాళ్ళు, ఆ వాసనకి ఈగలు చెప్పక్కర్లేదు. ఇనప ముక్కలు బెల్లం నీళ్ళలో నానేసి చేసిన రసంలో చెక్క అచ్చు ముంచి గుడ్డ మీద దించితే, ఆ రసం కరక్కాయ తగిలిన చోట నల్లగా తిరిగిపోయేది. ఎరుపు ఇంకా విచిత్రం. పటిక రసంతో అద్దిన చోట కంటికి పెద్దగా ఏమీ ఆనదు, ఆ గుడ్డని రాగి కాగులో రంగు నీళ్ళలో ఉడికించి కాలవలో ఝాడిస్తే పటిక పడ్డ చోట మాత్రం ఎర్రటి పువ్వు నిలబడేది. పాత రోజుల్లో ఆ రంగు ఇసక నేలల్లో పెరిగే చిరువేరు మొక్క వేళ్ళ నుంచి తీసేవాళ్ళట. పటికకీ ఆ రంగుకీ ఏం పొత్తో మీ కెమిస్ట్రీ టీచర్ ని అడగండి, నేను మాత్రం కాలవ గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడేవాణ్ణి, ఇప్పుడు తలుచుకున్నా అంతే.

ఇదెందుకు చెప్తున్నానంటే మన బట్ట కూడా చుట్టపుచూపుగా లోకమంతా తిరిగింది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్ వాళ్ళు, 1611లో ఇంగ్లీషు వాళ్ళు మచిలీపట్నంలో కొట్లు పెట్టారు. మన తీరంలో కలంతో గీసిన పూల చెట్ల దుప్పట్లు వాళ్ళ పడకగదుల్లో మంచాలకి తెరలయ్యాయి. జపాన్ లో అయితే మన దేశపు గుడ్డ చిన్న ముక్క దొరికినా టీ పొడి డబ్బాకి సంచీ కుట్టించి అపురూపంగా దాచుకునేవాళ్ళు. చుట్టం కూడా సర్దుకోవాలి కదా, పువ్వుల వెనక ఎరుపు వద్దు, తెలుపు ఎక్కువుండేలా వేయించి పంపండని లండన్ లోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు 1643లో సూరత్ లో ఉన్న తమ మనుషులకి రాశారు. తర్వాత్తర్వాత ఈ బట్టల మోజు ఎంత ముదిరిందంటే అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్ళు మా పొట్ట కొడుతున్నాయని గోల చేశారు. చుట్టమై వచ్చి దయ్యమై పట్టింది అనుకున్నారు పాపం, వాళ్ళ బాధ వాళ్ళది. ఫ్రాన్స్ లో 1686లో నిషేధించి 1759 దాకా ఎత్తెయ్యలేదు, అయినా జనం దొంగచాటుగా కొనుక్కుంటూనే ఉన్నారు.

అందుకని పెట్టుకోండి, తప్పేం లేదు. అమ్మ తివాచీ కూడా కొంటానంటోంది కదా, ఒక చివర కమాను గీసి ఉన్న చిన్న తివాచీ నచ్చితే మాత్రం ఆగమనండి. అది నమాజు చేసుకునేది, ఆ కమాను మక్కా వైపు తిప్పి పరుస్తారు, దాన్ని తెచ్చి చెప్పులు తుడుచుకునే చోట వేస్తే పెద్దాయన్ని పిలిచి గుమ్మం బయట కూర్చోబెట్టినట్టే. బుద్ధుడి తల కూడా అంతే, బాత్రూమ్ షెల్ఫ్ మీద వద్దు. ఇంకోటి, చుట్టాలందర్నీ ఒకే మంచం మీద పడుకోబెట్టకండి. జపాన్ వాళ్ళు గదిలో ఒక గూడు లాంటిది కట్టి, తొకొనొమా అంటారు దాన్ని, అందులో ఒక బొమ్మ వేలాడదీసి ఒక పూల అమరిక పెట్టి ఊరుకుంటారు, కాలం మారితే అవీ మారుస్తారు. మీ హాల్లో షోకేస్ కి ఈ సంగతి ఎవరైనా చెప్తే బాగుండు.

దీపం గురించి నేను చెప్పేదేం లేదు. రాత్రి మిగతా లైట్లు ఆపేసి గోడ వైపు చూడండి.

అమ్మ బీరువాలో కలంకారీ దుప్పటి ఒకటి ఉండాలి, అది తీసి వెలుతురున్న చోట పరిచి, ఒక అచ్చు అయిపోయి పక్క అచ్చు మొదలైన చోట గీతలు కలిసీ కలవకుండా ఉండే సందు వెతకండి. ఓపిగ్గా అంచు వెంబడి వెళ్తే దొరుకుతుంది, దొరికితే ఫోటో తీసి పంపండి. ఎంత వెతికినా దొరక్కపోతే అది బహుశా మిషన్ ప్రింటు, ఆ సంగతి అమ్మకి ఇప్పుడే చెప్పకండి.

మీ
తాతయ్య