ఆట వదిలినా వదలని దడుపు

1960లో వచ్చిన 'సైకో' సినిమాలో షవర్ కింద హత్య జరిగే సీన్ ముప్పావు నిమిషం ఉంటుంది. దానికోసం దర్శకుడు హిచ్‌కాక్ వారం రోజులు షూటింగ్ చేశారు. హతమయ్యే పాత్ర వేసిన జేనెట్ లీకి అందులో తెలియని రహస్యం ఏదీ లేదు. నీళ్లలో కలిసి పారే రక్తం చాక్లెట్ సిరప్ అని తెలుసు. కత్తి ఎటునుంచి వస్తుందో, కెమెరా ఎక్కడుందో తెలుసు. షూటింగ్ రోజుల్లో అదంతా ఆమెకి పనే. తర్వాత పూర్తయిన సినిమాని తెర మీద చూశారు. అప్పటినుంచి వీలైనంతవరకూ షవర్ జోలికి పోలేదని, బాత్‌టబ్‌తోనే సరిపెట్టుకున్నానని, షవర్ తప్ప వేరే దిక్కులేని చోట తలుపులన్నీ గడియ పెట్టుకుని, షవర్ కర్టెన్ మాత్రం తెరిచే ఉంచేదాన్నని ఆవిడే చెప్పుకున్నారు.

"సినిమాయే కదా, ఎందుకంత భయం?" అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. అది సినిమాయేనని జేనెట్ లీ కంటే బాగా ఎవరికి తెలుసు?

అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జోయాన్ కాంటర్ ఏళ్ల తరబడి ఈ దడుపు మీదే పరిశోధన చేశారు. ఆమె, క్రిస్టెన్ హారిసన్ కలిసి 1999లో ప్రచురించిన సర్వేలో 150 మందికి పైగా కాలేజీ విద్యార్థులు పాల్గొన్నారు. ఏదో ఒక సినిమానో టీవీ షోనో చూసి గట్టిగా భయపడ్డామని 90 శాతం మంది చెప్పారు. నాలుగో వంతు మందిలో ఆ కలత అప్పటికీ పూర్తిగా పోలేదు. భయపెట్టిన సినిమాల గురించి విద్యార్థులు రాసిన వందలాది వ్యాసాలను కూడా కాంటర్ పోగుచేశారు. నాకు ఈ శాతాలకన్నా ఆ వ్యాసాలే ఆసక్తిగా అనిపిస్తాయి. భయం ఎక్కడికి పోయి కూర్చుందో వాటిలో కనబడుతుంది.

షార్క్ దాడుల సినిమా 'జాస్' చూసినవాళ్లు సముద్రానికి భయపడ్డారంటే అర్థం చేసుకోవచ్చు. వీళ్లు మంచినీటి సరస్సుల్లో, స్విమ్మింగ్ పూల్‌లో దిగడానికి కూడా భయపడ్డామని రాశారు. క్లోరిన్ కలిపిన నాలుగడుగుల నీళ్లలోకి షార్క్ రాదని వాళ్లకి తెలియక కాదు. దెయ్యం సినిమా 'పోల్టర్‌గైస్ట్' చూసినవాళ్లకి జోకర్ బొమ్మలంటే, కిటికీ బయటి చెట్టంటే, బట్టల అలమారా అంటే, ప్రసారాలు ఆగిపోయి గరగరలాడే టీవీ అంటే భయం పట్టుకుంది. దెయ్యం సినిమాతోపాటే వెళ్లిపోయింది. అది ఆసరా చేసుకున్న వస్తువు మాత్రం ఇంట్లోనే ఉంది, రోజూ కనబడుతూనే ఉంది. ఏ సినిమా వెంటాడుతుంది, ఏది వెంటాడదు అనేదానికి నాకు కనిపించే కీలకం ఇదే.

ఈ అంటుకోవడం ఎలా జరుగుతుందో 'జాస్'లో చూసినంత స్పష్టంగా ఇంకెక్కడా చూడలేం. 1975 జూన్‌లో విడుదలైన ఈ సినిమాని స్టూడియో ట్యాంకులో కాకుండా మార్థాస్ వినియార్డ్ దీవి దగ్గర నిజం సముద్రంలో తీశారు. దాంతో యంత్రపు షార్క్ ఉప్పునీళ్లకి మాటిమాటికీ మొరాయించింది. దర్శకుడు స్పీల్‌బర్గ్ గత్యంతరం లేక షార్క్‌ని దాచిపెట్టారు. షార్క్‌కి బదులు నీళ్లమీద తేలే పసుపుపచ్చ పీపాలు, అడుగునుంచి పైకి చూసే కెమెరా, జాన్ విలియమ్స్ కట్టిన ఆ రెండు స్వరాలు. గంట దాటేదాకా షార్క్ సరిగ్గా కనబడదు. రెండు స్వరాలు మొదలైతే మాత్రం దాడి ఖాయం. పావ్‌లోవ్ తన కుక్కలకి తిండికి ముందు ఒక శబ్దం వినిపించినట్టు, సినిమా మనకి చావుకి ముందు ఆ రెండు స్వరాలు వినిపిస్తుంది. రెండు మూడుసార్లకే ఒళ్లు ఆ పాఠం నేర్చేసుకుంటుంది.

ఇద్దరు కుర్రాళ్లు అట్టతో షార్క్ రెక్క చేసుకుని జనాన్ని హడలగొట్టే సీన్ ఒకటుంది. అక్కడ ఆ సంగీతం రాదు. అంటే స్వరాలు లేకపోతే షార్క్ లేదని కూడా సినిమా మనకి నేర్పిందన్నమాట. మనం దాన్ని నమ్ముకుని కాస్త కుదుటపడ్డాక, పోలీస్ చీఫ్ పడవ మీంచి ఎర చల్లుతూ ఉండగా, ముందస్తు సంగీతం ఏదీ లేకుండా షార్క్ తల నీళ్లు చీల్చుకుని పైకి లేస్తుంది.

ఇలాంటి పని ప్రయోగశాలల్లో ఎలుకలతో చేశారు. శబ్దం వినిపించాకే షాక్ ఇస్తే ఎలుక ఆ శబ్దానికే భయపడుతుంది, మిగతా వేళల్లో తన పని తను చూసుకుంటుంది. ఏ హెచ్చరికా లేకుండా ఎప్పుడుపడితే అప్పుడు షాక్ ఇస్తే, ఆ పెట్టెలో ఉన్నంతసేపూ బిగుసుకునే ఉంటుంది. ప్రమాదం ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు, ఎప్పుడు రాదో కూడా తెలియదు కదా. 'జాస్' ప్రేక్షకుడికి కూడా ఆ క్షణం నుంచి సంగీతం ఆనవాలు కాకుండా పోయింది. ఇక మిగిలిన ఆనవాలు నీళ్లే.

మెదడులో దీని సంగతి కొంతవరకూ తెలుసు. కన్ను, చెవి పంపే సమాచారం మెదడు నడిమధ్య జంక్షన్‌లాంటి థాలమస్ దగ్గరికి వచ్చాక రెండు దారులు పడుతుంది. ఒకటి మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కి వెళ్లి, అదేమిటో తేల్చుకున్నాక, బాదం గింజంత ఉండే అమిగ్డాలాకి చేరుతుంది. రెండోది అడ్డదారి, థాలమస్ నుంచి నేరుగా అమిగ్డాలాకి. మెదడు శాస్త్రవేత్త జోసెఫ్ లెడూ 1980లలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఈ అడ్డదారిని బయటపెట్టాయి. అందుకే "సినిమాయే కదా" అన్న ఆలోచన వచ్చేసరికే గుండె దడ మొదలైపోయి ఉంటుంది. అమిగ్డాలాని 'భయ కేంద్రం' అనడం పత్రికలవాళ్లకి అలవాటు. లెడూకే ఆ మాట నచ్చదు. అది శరీరాన్ని ఆత్మరక్షణకి సిద్ధం చేసే యంత్రాంగమని, 'నాకు భయమేస్తోంది' అన్న అనుభవానికి మెదడులో ఇంకా చాలా భాగాలు కలవాలని ఆయన వాదన.

అమిగ్డాలా లేకపోతే ఏమవుతుందో చూపించిన మనిషి ఒకరున్నారు. వైద్య పత్రికల్లో ఆమె పేరు 'ఎస్.ఎమ్.' అనే రెండక్షరాలే. అర్బాక్-వీటె అనే అరుదైన వ్యాధి వల్ల ఆమె మెదడులో రెండువైపులా అమిగ్డాలా నాశనమైపోయింది. అయోవా యూనివర్సిటీ పరిశోధకులు 2011లో ప్రచురించిన వివరాలు చదువుతుంటే నవ్వొస్తుంది, ఆశ్చర్యమూ వేస్తుంది. పాములంటే అసహ్యమని ఎప్పుడూ చెప్పే ఆవిడ, పాములమ్మే షాపులోకి తీసుకెళ్తే ఒకదాన్ని చేతిలోకి తీసుకుని పొలుసులు నిమురుతూ నిలబడ్డారు. హాలోవీన్‌కి దెయ్యాల కొంపలా అలంకరించిన పాత ఆసుపత్రిలో అందరికంటే ముందు నడిచి, మీదికి దూకిన దెయ్యం వేషగాడి తలని వేలితో పొడిచారు. ఉలిక్కిపడింది ఆ వేషగాడే. పేరుమోసిన హారర్ సినిమాల ముక్కలు చూపిస్తే చాలామందికి ఇవి భయమేస్తాయని ఒప్పుకున్నారు గానీ తనకి వేయలేదు. పైగా ఒకదాని పేరు అడిగారు, అద్దెకి తెచ్చుకుని మొత్తం చూద్దామని.

కథ అక్కడితో అయిపోలేదు. 2013లో అదే బృందం ఆమెచేత 35 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలి పీల్పించింది. ఊపిరాడనట్టనిపించి ఆమెకి నిఖార్సయిన పానిక్ వచ్చింది. బయటినుంచి వచ్చే భయానికి ఆమెలో తలుపు మూసుకుపోయినా, లోపలినుంచి పుట్టే భయానికి ఇంకో తలుపు ఉందన్నమాట.

ఇక గుర్తుండిపోవడం సంగతి. 1994లో లారీ కాహిల్, జేమ్స్ మెక్‌గా అనే పరిశోధకులు కొందరికి స్లైడ్లతో ఒక కథ చెప్పారు. తల్లితో వెళ్తున్న పిల్లాణ్ణి దారిలో కారు గుద్దుతుంది. వారం తర్వాత అడిగితే, మామూలు జనానికి ఆ ప్రమాదం భాగమే ఎక్కువగా గుర్తుంది. ముందుగా ప్రొప్రనొలాల్ మాత్ర ఇచ్చినవాళ్లకి ఆ భాగం ప్రత్యేకంగా ఏమీ గుర్తులేదు. గుండెదడకి, బీపీకి వాడే ఈ మందు అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడు జరిగింది మెదడు గట్టిగా రాసుకుంటుందని దీన్నిబట్టి తెలుస్తోంది. దడుచుకున్న సినిమా కథ మర్చిపోయి, ఒక్క తలుపో, ఒక్క మెట్లో మాత్రం ఏళ్ల తర్వాత కూడా కళ్లకి కట్టడం వెనక ఇదే ఉండాలి.

మరి అన్నేళ్లలో ఆ భయం అరిగిపోదా? పావ్‌లోవ్ కాలం నుంచే దీనికి జవాబు కొంత తెలుసు. నేర్చుకున్న భయం చెరిగిపోదు. 'ఇక్కడేం ఫర్వాలేదు' అన్న కొత్త పాఠం దానిమీద పడుతుంది, అంతే. ఆ కొత్త పాఠం నేర్చుకున్న చోటికే అతుక్కుని ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ బౌటన్ ప్రయోగాలు చూపించాయి. ఒక పెట్టెలో భయం పోగొట్టుకున్న ఎలుకని ఇంకో పెట్టెలో వేస్తే భయం మళ్లీ లేస్తుంది. హాస్టల్ రూములో అందరితో కలిసి పడీపడీ నవ్విన సినిమా, సెలవులకి ఇంటికొచ్చాక అర్ధరాత్రి పెరట్లోకి వెళ్లాల్సొస్తే మళ్లీ భయపెడుతుంది. నవ్విన చోటు వేరు, ఈ చోటు వేరు.

అరుదుగా ఇది ముదిరిపోతుంది కూడా. దెయ్యం పట్టిన పిల్ల కథతో వచ్చిన 'ఎగ్జార్సిస్ట్' సినిమా చూశాక చికిత్స అవసరమైన నలుగురి గురించి జేమ్స్ బొజ్జుటో అనే వైద్యుడు 1975లో ఒక వైద్య పత్రికలో రాశారు. వాళ్లెవరికీ అంతకుముందు మానసిక వ్యాధి ఉన్నట్టు నిర్ధారణ కాలేదు. నలుగురి కేసుతో లోకమంతా అంతేననుకోలేం గానీ, కొట్టిపారేయడానికీ లేదు.

ఈ లెక్కలో మన దెయ్యం సినిమాలు చూస్తే నాకొక సంగతి తోస్తుంది. 2009లో 'అరుంధతి' చూసి హాల్లో గుండెలు చిక్కబట్టుకున్నవాళ్లం చాలామందిమి. అయినా 'వదల బొమ్మాళీ' మర్నాడే జోకైపోయింది. షూటింగ్ జరిగిన బనగానపల్లె నవాబు బంగళాకి 'అరుంధతి బంగళా' అని పేరొచ్చింది, జనం వెళ్లి ఫొటోలు దిగి వస్తున్నారు. మనమెవరం కోటల్లో ఉండం కాబట్టి ఆ భయానికి మనింట్లో ఆనుకోవడానికి చోటు దొరకలేదు. రాంగోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి' అలా కాదు. మామూలు కుటుంబం, మామూలు ఇల్లు. ఆ సినిమా చూసినవాళ్లలో ఇప్పటికీ దాని పేరెత్తితే సర్దుకుని కూర్చునేవాళ్లున్నారు. ఇటీవలి హారర్ కామెడీల సంగతి చెప్పక్కర్లేదు. దెయ్యం లేచిన ప్రతిసారీ పక్కనే ఒక కమెడియన్ ఉంటే దడుపు ఎక్కడ నిలుస్తుంది?

సినిమా హాలు మాత్రం ఒక మేలు చేసేది. భయపడిన చోటు ఒకటి, పడుకునే చోటు ఇంకొకటి. ఇప్పుడు లైటార్పి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, దుప్పట్లో ఫోన్ పట్టుకుని చూస్తున్నాం. తెర చిన్నదే, కానీ భయం నేర్చుకుంటున్నది పడుకునే మంచం మీదే. దీనివల్ల దడుపు ఎక్కువ కాలం ఉంటుందని నా అనుమానం. ఎవరైనా కొలిచి చూస్తే బాగుండు.

పిల్లల దగ్గర ఇంకో తేడా ఉంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి "అది నిజం కాదు" అని చెప్తే పెద్దగా పనిచేయదని, తొమ్మిదేళ్లు దాటినవాళ్లకి పనిచేస్తుందని కాంటర్ ప్రయోగాల్లో తేలింది. చిన్నవాళ్లకి మాటలకన్నా చేతలు నయం: ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, చేతికి ఒక బొమ్మ, తాగడానికేదైనా. దడుచుకున్న పిల్లకి దిష్టి తీసి, ఆంజనేయ దండకం చదివి, పక్కలో వేసుకుని పడుకునే మన అమ్మమ్మలు కూడా పిల్లకి లెక్చరివ్వలేదు, గమనించండి.

కాస్త పెద్ద పిల్లలైతే భయమేసిందని ఒప్పుకోరు. ఏ సినిమా చూశావని నిలదీయడంకన్నా, ఈమధ్య ఎక్కడికి ఒంటరిగా వెళ్లడం మానేశారో కనిపెట్టడం తేలిక. మేడమీది గదో, మంచం కిందో, వీధి చివర మలుపో. అక్కడికి పగలొకసారి, చీకటి పడ్డాక ఒకసారి, లైటార్పి ఒకసారి తోడుగా వెళ్లాలి. తర్వాత కాస్త దూరంలో నిలబడి వాళ్లనే వెళ్లి రమ్మనాలి. బౌటన్ ఎలుకల లెక్క ప్రకారం ఒక్కచోట ఒక్కసారి ధైర్యం చెప్పి వదిలేస్తే చాలదు.