రెప్పలెత్తే కారుకు కొత్త దీపాలు

అమెరికాలోని మిషిగన్‌లో ఉండే నా మిత్రుడి దగ్గర 1990 నాటి మాజ్డా మియాటా ఉంది. రెండే సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ పైకప్పు. స్విచ్చి నొక్కితే బానెట్ మీద రెండు మూతలు లేచి, లోపల దాగిన గుండ్రటి దీపాలు బయటికొస్తాయి. పగలంతా నిద్రపోయి పొద్దుగూకాక కళ్లు తెరిచినట్టు ఉంటుంది. ఆ కారు అంటే అతనికి ప్రాణం. ఒక్కటే లోటు, రాత్రి ప్రయాణానికి వెలుగు చాలదు. దాంతో ఎల్‌ఈడీ బల్బులు రెండు తెప్పించి, పాతవి పీకేసి, వాటి చోట బిగించాడు. గ్యారేజీ గోడ పట్టపగల్లా వెలిగింది. మురిసిపోయి అదే రాత్రి రోడ్డెక్కాడు. ఎదురొచ్చిన వాళ్లంతా డిప్పర్ కొట్టడం మొదలుపెట్టారు. అంతకంటే వింత, అతనికే దూరాన ఉన్నవి మునుపటికంటే తక్కువ కనిపించాయి.

వెలుగు పెరిగితే చూపు తగ్గడమేమిటి? మర్నాడు ఫోనులో అతను అడిగిన ప్రశ్న ఇదే. నాకు చెప్పాలనిపించిన జవాబు కాస్త పెద్దది. అందులో సగం ఆ కారు పుట్టుకలోనే ఉంది.

మియాటా 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకు వచ్చింది. ఆ తొలి తరం కార్లు 1997 దాకా 4 లక్షలకు పైగా తయారయ్యాయి. గాలిని చీల్చుకు పోవడానికి స్పోర్ట్స్ కారు ముక్కు కిందికి వాలి ఉండాలి. అమెరికా నిబంధనేమో హెడ్‌లైటు నేల నుంచి కనీసం 22 అంగుళాల ఎత్తులో, అంటే సుమారు 56 సెంటీమీటర్ల మీద, ఉండాలంటుంది. ముక్కు కిందికీ దీపం పైకీ పోవాలంటే దారి ఒక్కటే: అక్కర లేనప్పుడు దీపాన్ని లోపల దాచి, కావలసినప్పుడు పైకి లేపడం. మూతల ముచ్చట అలా పుట్టింది. ఆ మూతల కింద ఉన్న దీపం మాత్రం ఇంకా పాతది. 1940 మోడల్ కార్ల నుంచి చాలా ఏళ్లు అమెరికాలో హెడ్‌లైటు అంటే ఏడంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్. ఫిలమెంటు, దాని వెనక అద్దం, ముందు గీతల గాజు, మూడూ ఒకే ముద్దగా మూసేసి ఉంటాయి. మాడిపోతే మొత్తం పారేసి కొత్తది పెట్టుకోవాలి. అమెరికాలో అమ్మిన తొలి మియాటాలకూ ఆ ఏడంగుళాల సీల్డ్ బీమే ఉండేది.

నా మిత్రుడి కారును అంతకు ముందు నడిపినాయన ఆ సీల్డ్ బీమ్‌లను తీసేసి, హెచ్-4 హాలోజన్ బల్బు పట్టే గాజు దీపాలు పెట్టించాడు. కొలత అదే కాబట్టి చక్కగా కూర్చున్నాయి.

ఇక్కడ కాసేపు ఆగి ఆ హెచ్-4 బల్బును అరచేతిలో పెట్టుకుని చూడాలి. 1971 నుంచి ఉన్న బల్బు ఇది. వేలంత గాజు గొట్టం. లోపల అగ్గిపుల్ల తలకన్నా పెద్దవి కాని రెండు ఫిలమెంట్లు, ఒకదాని వెనక ఒకటి. వెనకది హై బీమ్, దూరానికి వేసేది. ముందున్నది లో బీమ్, ఎదురుగా బండ్లు వస్తున్నప్పుడు వేసేది. ఆ ముందు దాని కింద చిన్న లోహపు చిప్ప ఉంటుంది. పసిపిల్లకు పాలు పట్టే ఉగ్గుగిన్నెను చిటికెన వేలి గోరంత చేస్తే అలా ఉంటుంది. లో బీమ్ వెలిగించినప్పుడు ఆ చిప్ప కిందికి పోయే వెలుగును అడ్డుకుంటుంది. వెలుగంతా అద్దంలోని పై సగానికే తగులుతుంది. అక్కడ పరావర్తనం చెంది రోడ్డు మీదికి వాలుతుంది. అద్దం కింది సగానికి వెలుగు తగిలితే అది పైకి లేచి ఎదుటివాడి కళ్లలో పడేది. ఇంకా దగ్గరగా చూస్తే చిప్ప అంచు ఒక పక్క నేరుగా ఉండదు, 15 డిగ్రీలు వంగి ఉంటుంది. రోడ్డు అంచున నడిచేవాళ్లు, సూచిక బోర్డులు కనిపించేలా ఆ పక్కన మాత్రం వెలుగు కొంచెం పైకి పాకడానికి పెట్టిన వంపు అది. గోడ మీద వెలుగుకూ చీకటికీ మధ్య పడే గీతను ఇంత చిన్న రేకు ముక్క దిద్దుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ బల్బును రూపొందించిన ఇంజనీర్లకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అద్దం ఆకారం పరావలయం. దాని నాభి దగ్గర దీపం పెడితే కిరణాలు సమాంతరంగా బయటికి పోతాయని బడిలో చదువుకున్నాం. నాభికి కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుందో బడిలో లెక్క వేయం. నాభ్యంతరం, అంటే అద్దం నడిమి నుంచి నాభికి ఉన్న దూరం, 25 మిల్లీమీటర్లు అనుకుందాం. ఫిలమెంటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, అద్దం నడిమి భాగం నుంచి వచ్చే కిరణం సుమారు 2 డిగ్రీలు తప్పుతుంది. రోడ్డు మీద 2 డిగ్రీలంటే తక్కువేం కాదు. ఒక్క డిగ్రీ తేడా 60 మీటర్ల దూరం చేరేసరికి మీటరు పైచిలుకు అవుతుంది.

ఇప్పుడు ఆ చోట ఎల్‌ఈడీ బల్బును ఊహించండి. ఫిలమెంటు సన్నటి చుట్ట, తన చుట్టూ అన్ని వైపులా వెలుగు చిమ్ముతుంది. ఎల్‌ఈడీ చిప్ చదునుగా ఉంటుంది, తనకు ఎదురుగా ఉన్న దిక్కుకే బలంగా వెలుగిస్తుంది, పక్కలకు పోయేకొద్దీ బలహీనపడుతుంది. అందుకే ఈ బల్బుల్లో ఒక పలకకు రెండు వైపులా చిప్‌లు అతికిస్తారు. ఆ పలకకు మందం ఉంటుంది, వేడి లాగేసే రాగి ముక్కకూ మందం ఉంటుంది. కాబట్టి రెండు చిప్‌లలో ఏదీ సరిగ్గా నాభి దగ్గర ఉండదు. పాత చిప్పను అనుకరించే రేకు ఉన్నా, దాని ముందున్న వెలుగు ఆకారం వేరైనప్పుడు గోడ మీద నీడ గీత అలుక్కుపోతుంది. గీతకు పైన పడకూడని చోట వెలుగు పడుతుంది. డిప్పర్ కొట్టిన వాళ్ల కోపం అందుకే.

మరి నా మిత్రుడికి దూరం ఎందుకు కనిపించలేదు? ఆ బల్బులు కారు ముందు పది పదిహేను మీటర్ల రోడ్డును తెల్లగా సున్నం వేసినట్టు వెలిగించాయి. కన్ను తన ముందున్న అత్యంత వెలుగైన చోటికి సర్దుకుంటుంది. కనుపాప కుంచించుకుంటుంది, కంటి లోపలి సున్నితత్వం తగ్గుతుంది. ఆ తర్వాత 80 మీటర్ల అవతల రోడ్డు దాటుతున్న జింక చీకట్లో కలిసిపోతుంది. మిషిగన్ రోడ్ల మీద జింకలు అడ్డం రావడం ఊహించి చెప్పే మాట కాదు, రోజూ జరిగేదే. దగ్గర వెలుగు ఎక్కువైతే డ్రైవరుకు ధీమా పెరుగుతుంది, చూపు మాత్రం తగ్గుతుంది. ఈ మోసం నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా అనిపిస్తుంది, ఎందుకంటే నడిపేవాడికి తాను మోసపోయినట్టు తెలియదు.

రంగు సంగతి కూడా ఉంది. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది. హాలోజన్ వెలుగు 3,200 కెల్విన్ల ప్రాంతంలో పసుపుగా ఉంటుంది. చాలా ఎల్‌ఈడీ బల్బులు 5,000 నుంచి 6,500 కెల్విన్ల మధ్య నీలం కలిసిన తెలుపు. ఎల్‌ఈడీలో తెలుపు నేరుగా పుట్టదు. నీలం చిప్ మీద పసుపు ఫాస్ఫర్ పొడి పూస్తారు, కొంత నీలం పసుపుగా మారి రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి. ఆ నీలం చిప్ కనిపెట్టినందుకే శాస్త్రవేత్తలు అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అంతే ప్రకాశం ఉన్న పసుపు దీపం కన్నా నీలం పాలు ఎక్కువున్న దీపం ఎదుటి కంటిని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వయసు మీదపడి కంటి కటకం మసకబారిన వాళ్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ.

ఇంతా చెప్పి నేను ఎల్‌ఈడీకి శత్రువునని అనుకోవద్దు. పాత కారు దీపాలు మందగించడానికి ఒక అసలు కారణం ఉంది, దానికి ఎల్‌ఈడీ దగ్గర మంచి మందుంది. హాలోజన్ బల్బు 55 లేదా 60 వాట్లు తింటుంది, అంటే ఒక్కొక్క దీపానికి 5 ఆంపియర్ల దాకా కరెంటు. ముప్పై ఏళ్ల వైరింగు, తుప్పు పట్టిన కనెక్టర్లు, అరిగిన స్విచ్చి, వీటన్నిటి గుండా అంత కరెంటు పోతే దారిలోనే ఒక వోల్టు పైగా నష్టమవుతుంది. ఫిలమెంటు వెలుగు వోల్టేజి మీద చాలా గట్టిగా ఆధారపడుతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. కొత్త బల్బు కొనే ముందు బల్బు హోల్డర్ దగ్గర మీటరు పెట్టి చూడమని ఎవరికైనా నేను చెప్పే తొలి మాట అదే. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చి) పెడితే పాత హాలోజనే కళ్లు తెరుస్తుంది. ఎల్‌ఈడీకైతే లోపల డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది, 11 వోల్టులు వచ్చినా 14 వచ్చినా చిప్‌కు ఒకే కరెంటు అందిస్తుంది. తినేది కూడా సగం కన్నా తక్కువ. పాత వైర్లకు అది పెద్ద ఊరట.

అందుకే నా సలహా ఇది: బల్బు మార్చవద్దు, దీపం మొత్తం మార్చాలి. ఎల్‌ఈడీ చిప్‌కు తగ్గట్టు కొలిచి చేసిన అద్దాలు, కటకాలతో ఏడంగుళాల పూర్తి యూనిట్లు దొరుకుతాయి. చిప్ ఎక్కడుంటుందో తెలిసి దాని చుట్టూ గీసిన దీపం అది. 2007 ప్రాంతంలో లెక్సస్ ఎల్‌ఎస్ 600హెచ్ లో బీమ్‌కు, ఆ వెంటనే ఆడీ ఆర్8 మొత్తం హెడ్‌లైటుకు ఎల్‌ఈడీ తెచ్చినప్పుడు చేసింది కూడా దీపాన్ని మళ్లీ మొదటి నుంచి గీయడమే. అమెరికా చట్టం కూడా ఇదే తేడా చూస్తుంది. ఫిలమెంటు బల్బు కోసం చేసిన హెడ్‌లైటులో ఎల్‌ఈడీ బల్బు పెట్టడం అక్కడ నిబంధనలకు విరుద్ధం. ప్రమాణాలకు సరిపోయే పూర్తి యూనిట్‌కు అభ్యంతరం లేదు. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్‌ఈడీ బల్బులకు అనుమతి ఇస్తున్నారు, అదీ పరీక్షించి చూసిన కారు మోడళ్లకే.

ఏడంగుళాల కొలత మనకూ కొత్తది కాదు. బుల్లెట్ బండికీ, పాత మహీంద్రా జీపుకూ ముందున్న గుండ్రటి దీపం అదే. అమెరికా నుంచి వచ్చే చుట్టం చేత ఇలాంటి యూనిట్ తెప్పించుకునే వాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ కుడి పక్క నడుపుతారు, కాబట్టి వెలుగు కుడి పక్కకు ఎక్కువ పాకుతుంది. దాన్ని తెచ్చి హైదరాబాదులో జీపుకు బిగిస్తే ఆ పాకిన వెలుగు నేరుగా ఎదురొచ్చే వాడి కళ్లలోకే పోతుంది. యూరప్ పద్ధతి దీపాలయితే గాజు మీద బాణం గుర్తు చూడాలి. బాణం లేకపోతే అది కుడి పక్క నడిపే దేశాలకు చేసింది.

వేడి గురించి ఒక మాట. ఫిలమెంటు తన వృథా వేడిని వెలుగుతో పాటే ముందుకు పంపుతుంది, గాజు వెచ్చగా ఉంటుంది. ఎల్‌ఈడీ వేడి వెనక్కి, లోహపు రెక్కల్లోకి పోతుంది. ముందు గాజు చల్లగా ఉండిపోతుంది. మిషిగన్ చలికాలంలో మంచు పడితే గాజు మీద పేరుకుని కరగదు. అందుకే కొన్ని యూనిట్ల గాజులో సన్నటి హీటర్ తీగలు పెడతారు. నా మిత్రుడు అలాంటిదే ఎంచుకున్నాడు. మూత కింద దీపం కూర్చునే బుట్టలో వెనక రెక్కలకు చోటు చాలుతుందో లేదో ముందే కొలిచి చూసుకున్నాడు కూడా.

హెడ్‌లైట్లు మార్చిన ఊపులో వెనక దీపాలకూ ఎల్‌ఈడీ పెట్టాడు. అక్కడ రెండు పాఠాలు దొరికాయి. ఎర్ర గాజు వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే వెలవెలబోయింది, ఎందుకంటే ఆ తెలుపులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాక కళకళలాడింది. బ్రేకు దీపానికి ఇది నిజమైన మేలు. ఫిలమెంటు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది, ఎల్‌ఈడీ తక్షణం వెలుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ తేడా అయిదున్నర మీటర్లు. రెండో పాఠం ఇండికేటర్లది. ఎల్‌ఈడీ పెట్టగానే అవి రెట్టింపు వేగంతో కొట్టుకోసాగాయి. కరెంటు తగ్గితే బల్బు మాడిందని ఇండికేటర్లను కొట్టించే రిలే అనుకుంటుంది, ఆ హడావిడి దాని హెచ్చరిక. ఇండికేటరుకు పక్కన 6 ఓమ్‌ల రెసిస్టరు కలిపితే కుదురుతుందని చాలామంది చెబుతారు. కుదురుతుంది కానీ అది వెలిగినప్పుడల్లా 32 వాట్ల వేడిని ప్లాస్టిక్ పక్కనే వెదజల్లుతుంది. ఎల్‌ఈడీలకు తగిన రిలే మార్చడం చవక, క్షేమం.

చివరి పని ఓ సాయంత్రం గ్యారేజీ ముందు చేశాం, అతను అక్కడ, నేను ఫోనులో వీడియో చూస్తూ. కారును గోడకు 10 మీటర్ల దూరంలో సమతలం మీద నిలిపాడు. డ్రైవరు సీట్లో తన బరువుకు సరిపడా బస్తాలు పెట్టాడు. దీపం నడిమి ఎత్తు 60 సెంటీమీటర్లు కొలిచి గోడ మీద టేపు అంటించాడు. లో బీమ్ గీత దానికి 10 సెంటీమీటర్లు కిందుండాలి, అంటే వందకు ఒకటి వాలు. అప్పుడు వెలుగు 60 మీటర్ల అవతల నేలను తాకుతుంది. స్క్రూ తిప్పుతుంటే నల్లటి గోడ మీద వెలుగు గీత, కుడి పక్క కొద్దిగా ఎగసిన అంచుతో సహా, కత్తితో కోసినట్టు కిందికి జరుగుతూ వచ్చింది. టేపుకు బెత్తెడు కిందికి రాగానే ఆపమన్నాను. అతను మూతలు ఒకసారి దించి, మళ్లీ లేపి, గీత అదే చోటికి వచ్చిందో లేదో చూశాడు. వచ్చింది. అయినా రెండో దీపం స్క్రూ దగ్గరికి వెళ్లే ముందు ఇంకోసారి దించి లేపాడు.