బావురుపిల్లి చిరుత కూన కాదు: గోదావరి డెల్టా జంతువుల మీద అపోహలు - వాస్తవాలు

కాకినాడ చుట్టుపక్కల, కోనసీమలో బడులకు వెళ్లి పిల్లలకు వన్యప్రాణుల గురించి చెప్పడం నా పని. "మీ ఊరి దగ్గర ఏ అడవి జంతువులున్నాయి?" అని అడిగితే పులి, సింహం, ఏనుగు అంటారు. కాసేపు ఆగితే జిరాఫీ కూడా వస్తుంది. కాలవలో ఈదే నీరుకుక్క పేరు మాత్రం ఎవరి నోటా రాదు. పక్కనే ఉన్న జంతువుల గురించి వాళ్లకు తెలిసినవి ఎక్కువగా భయాలే, అవి కూడా పెద్దవాళ్లం చెప్పినవే. తరచుగా వినపడే కొన్నింటిని ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

అపోహ: అడవులు కొండల్లోనే ఉంటాయి. మన దగ్గర ఉన్నవి వరిచేలు, కొబ్బరితోటలే.

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దగ్గర ఆగి తూర్పు వైపు నడిస్తే అడవిలోనే ఉంటారు. కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అవి మడ అడవులు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి ముంచుతుంది, పాటుకు నీళ్లు తీసేస్తాయి. బురద లోపల గాలి ఆడదు కాబట్టి తెల్లమడ, నల్లమడ చెట్ల వేళ్లు నేల చీల్చుకుని పైకి లేచి గాలి పీల్చుకుంటాయి. తెల్లమడ ఆకు అడుగున వేలితో రాసి చూస్తే ఉప్పు తగులుతుంది. నీళ్లతో పాటు లోపలికి వచ్చిన ఉప్పును చెట్టు అలా బయటికి తోసేస్తుంది. ఉప్పుపొన్న విత్తనమైతే చెట్టు మీద ఉండగానే మొలకెత్తి మునక్కాయలా వేలాడుతుంది. రాలినప్పుడు బురదలో గుచ్చుకుంటే అక్కడే నాటుకుంటుంది, నీళ్లలో పడితే తేలుతూ వెళ్లి ఇంకో చోట వేళ్లు దింపుతుంది.

పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. అక్కడ తిల్ల అనే చెట్టు ఉంటుంది. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. తెలియని కొమ్మను విరవనివ్వకండి.

అపోహ: చెరువు గట్టు మీద తిరిగే మచ్చల జంతువు చిరుత.

ఇలాంటి వీడియో ఒకటి ఫోన్లలోకి వచ్చిందంటే ఊరంతా టెన్షన్. కర్రలు, టార్చిలైట్లు బయటికొస్తాయి. మన డెల్టాలో అలా కనిపించేది చాలావరకు బావురుపిల్లి. నీటిపిల్లి అని కూడా అంటారు. పెంపుడు పిల్లికి రెండింతలు, మూడింతలు ఉంటుంది కాబట్టి చీకట్లో పొరబడటం సహజమే. తోక చూడండి. చిరుత తోక చాలా పొడవు, దీనిది పొట్టి. చిరుత ఒంటి మీద మచ్చలు గుత్తులు గుత్తులుగా, గుండ్రంగా ఉంటాయి. దీనికి చిన్న నల్ల చుక్కలు వరసలు కట్టి ఉంటాయి, నుదుటి మీద చారలు కూడా ఉంటాయి.

పిల్లులకు నీళ్లంటే పడదని పిల్లలంతా గట్టిగా నమ్ముతారు. బావురుపిల్లి నీళ్లలోకి దూకి మరీ చేపలు పడుతుంది. దాని బొచ్చు రెండు పొరలు. లోపలి పొర పొట్టిగా, ఎంత దట్టంగా ఉంటుందంటే చర్మం దాకా తడి చేరదు. కాలివేళ్ల మధ్య కొంతమేర పలచని చర్మం ఉంటుంది. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. ఒడ్డున కదలకుండా కూర్చుని పంజాతో చేపను కొడుతుంది, అందకపోతే తలతో సహా మునుగుతుంది. పీతలు, ఎలుకలు, పాములు కూడా తింటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితా అయిన మొదటి షెడ్యూల్‌లో పులితో పాటు దీనికీ చోటుంది. ప్రపంచంలో దీని సంఖ్య తగ్గిపోతోంది. చిత్తడి నేలలు చెరువులుగా, ఇళ్ల స్థలాలుగా మారిపోవడం అందుకు పెద్ద కారణం.

చేపల చెరువు రైతు కష్టం నాకు తెలుసు. పెట్టుబడి పెట్టినవాడికి ఒక్క చేప పోయినా బాధే. గట్టు చుట్టూ వల కట్టుకోవచ్చు. ఉచ్చులు, కరెంటు తీగలు మాత్రం నేరం, వాటికి మనుషులు కూడా బలవుతారు. ఇంకో మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి. తుప్పల్లో కూనలు ఒంటరిగా కనిపిస్తే అవి తప్పిపోయినవని ఇంటికి తెచ్చేస్తారు. తల్లి వేటకు వెళ్లి ఉంటుంది. ముట్టుకోకుండా దూరం జరిగితే అదే వచ్చి తీసుకుపోతుంది. అది రాలేదని అనుమానం వస్తే అటవీశాఖ వాళ్లకు చెప్పాలి.

అపోహ: తాబేలు గుడ్లు పెడుతూ నొప్పికి ఏడుస్తుంది.

ఒడ్డుకొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు కళ్ల నుంచి నీళ్లు కారడం నిజమే. సముద్రపు నీళ్లతో ఒంట్లో చేరిన ఉప్పును కళ్ల దగ్గరున్న గ్రంథులు అలా బయటికి పంపుతాయి. సముద్రంలో ఉన్నప్పుడూ ఈ పని జరుగుతూనే ఉంటుంది, మనకు కనపడదు అంతే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట ఆడ తాబేళ్లు కాకినాడ దగ్గరున్న హోప్ ఐలాండ్‌కు, మన తీరంలోని ఇసుక తిన్నెలకు వస్తాయి. మగవి ఒడ్డెక్కవు. ఒక్కో గూటిలో వంద, అంతకన్నా కాస్త ఎక్కువ గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. పిల్లలకు నచ్చే విషయం: లోపలున్నది ఆడో మగో ఇసుక వేడి తేలుస్తుంది. వేడి ఎక్కువైతే ఎక్కువగా ఆడవి, తక్కువైతే మగవి. ఎండలు పెరుగుతున్న కొద్దీ శాస్త్రవేత్తలకు ఇదే దిగులు.

అపోహ: తాబేలు పిల్లలకు టార్చి వేసి దారి చూపించాలి.

అవి వెలుగు ఎటుంటే అటు నడుస్తాయి. చీకటి తీరంలో సముద్రమే కాస్త వెలుగుగా ఉంటుంది కాబట్టి అటు పోతాయి. టార్చి, ఫోన్ లైటు, రోడ్డు దీపం వాటిని ఊరి వైపు తిప్పేస్తాయి, అక్కడ కుక్కలుంటాయి. చేతిలో పట్టుకుని ఫొటో దిగడం కూడా వద్దు.

అపోహ: సముద్రంలో చేపల వేటకు నిషేధం ఉంది కదా, తాబేళ్లకు ఇబ్బంది లేదు.

మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టినది. తాబేళ్లు ఒడ్డుకొచ్చే కాలం అప్పటికే దాదాపు అయిపోతుంది. తాబేలు మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. పడవ వెనక లాక్కెళ్లే ట్రాల్ వలలో ఇరుక్కుంటే పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది. వలకు టెడ్ అనే ఇనుప చట్రం బిగిస్తే రొయ్యలు లోపలికి పోతాయి, తాబేలు దానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. కొంత చేప కూడా పోతుందని మత్స్యకారుల అభ్యంతరం. అందుకే వాళ్లతో కూర్చుని మాట్లాడకుండా ఈ పని జరగదని నేను నమ్ముతాను.

అపోహ: గుడ్లగూబ ఇంటి మీద వాలితే చావు కబురు వస్తుంది.

అది ఎలక కోసం వస్తుంది. వరి గట్లు తొలిచే ఎలకలే దాని తిండి. తెల్లటి ముఖంతో గోపురాల్లో, పాత ఇళ్లలో ఉండే గుడ్లగూబకు చెవులు ఒకటి కాస్త పైకి, ఒకటి కిందకు ఉంటాయి. అందువల్ల చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో కటిక చీకట్లో కూడా పసిగడుతుంది. దాన్ని రాళ్లతో కొట్టే రైతు కొడుకుని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: జెర్రిపోతు మగది, నాగుపాము ఆడది.

రెండూ వేరు వేరు జాతులు, దేనిలో దానికి ఆడా మగా ఉంటాయి. జెర్రిపోతుకు విషం లేదు. అలాగని ఏ పామునైనా పట్టుకోమని పిల్లలకు చెప్పకండి, గుర్తుపట్టడంలో పెద్దవాళ్లే తడబడతారు. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం వద్దు. కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

"మాస్టారూ, ఆ కొంగకి ముక్కు విరిగిపోయిందండీ" అని ఒక పాప వరిచేలో నత్తగుల్ల కొంగను చూపించి అడిగింది. విరగలేదు. రెండు ముక్కుల మధ్య ఆ సందు ఆ జాతికి సహజమైన లక్షణం. చిన్న పిల్లలకు కనపడదు, పెరిగే కొద్దీ వస్తుంది. నత్తల్ని పట్టి లోపలి మాంసం లాగడంలో అది ఆరితేరిన పక్షి.

అపోహ: రామచిలుకను పంజరంలో పెట్టి ప్రేమగా పెంచితే తప్పు లేదు.

తప్పే, చట్టప్రకారం నేరం కూడా. 2018 నుంచి అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. పెరట్లో జామచెట్టు ఉంటే తనే వస్తుంది, నాలుగు కాయలు దానికి వదిలేయండి.

ఇక కోరంగికి ఎప్పుడు వెళ్లాలని చాలామంది అడుగుతుంటారు. బోటు ఎక్కాలంటే పోటు ఉండాలి. పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను పాటు సమయమే చెబుతాను. చెక్కబాట మీద నిలబడి కిందకు చూస్తే బురద మీద రెక్కలతో పాకుతూ గెంతే మడ్‌స్కిప్పర్ చేపలు కనిపిస్తాయి, ఒళ్లు తడిగా ఉన్నంతసేపు అవి నీళ్ల బయట కూడా ఊపిరి తీసుకోగలవు. ఒకే ఒక్క పెద్ద డెక్క ఊపుతూ మగ ఫిడ్లర్ పీతలు ఉంటాయి, అది ఆడపీతల్ని పిలవడానికి. మన అడుగుల చప్పుడుకు అన్నీ బొరియల్లోకి పోతాయి. కాస్త ఓపిక పట్టి కదలకుండా ఉంటే మళ్లీ బయటికొస్తాయి. తినుబండారాల ప్యాకెట్లు వద్దు, మంచినీళ్ల సీసా, టోపీ చాలు.