పిల్లల ఫోన్ వాడకం: గంటల లెక్క చెప్పని సంగతులు

కౌమారంలో ఉన్న పిల్లలను కౌన్సెలింగ్‌కు తీసుకొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది కూర్చుంటూనే పిల్లల ఫోన్‌లోని స్క్రీన్ టైమ్ లెక్క తెరిచి చూపిస్తారు. ఆ అంకె చూస్తే చాలు, జబ్బు పేరు చెప్పేస్తామని వారి నమ్మకం.

అపోహ: ఇన్ని గంటలు దాటితే మనసు దెబ్బతిన్నట్టే.

వాస్తవం: ఆమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిబిల్‌స్కీ అనే పరిశోధకులు అమెరికా, బ్రిటన్‌లకు చెందిన మూడున్నర లక్షల మందికి పైగా కౌమారుల వివరాలను విశ్లేషించి 2019లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల మానసిక క్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ సాధనాల వాడకంతో ముడిపడినవి మహా అయితే 0.4 శాతమేనని తేల్చారు. అలాగని ఫోన్ వల్ల హానే లేదనడం తొందరపాటు. ఏమీ కాని పిల్లలూ, బాగా నలిగిపోయిన పిల్లలూ ఆ సగటులో కలిసిపోతారు. అందువల్ల ఎన్ని గంటలు అన్నదానికన్నా ఏ వేళలో, ఏ పని మానుకుని, ఏ మనఃస్థితిలో ఫోన్ పట్టుకుంటున్నారన్నదే నేను ముందుగా అడుగుతాను. సాయంత్రం స్నేహితులతో కలిసి ఆడిన రెండు గంటలూ, అర్ధరాత్రి దుప్పటి కింద ఒంటరిగా రీల్స్ చూసిన రెండు గంటలూ లెక్కలో ఒకటే. కానీ రెండోది నిద్రను తినేస్తుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. తెల్లవారకముందే స్టడీ అవర్స్‌కు లేచే ఇంటర్ విద్యార్థికి ఆ నిద్ర ముందే కరువు. మర్నాడు కనిపించే చిరాకులో ఫోన్ వాటా ఎంతో, నిద్రలేమి వాటా ఎంతో విడదీయడం మాకే కష్టం.

అపోహ: మా వాడికి ఇంటర్నెట్ వ్యసనం అనే జబ్బు వచ్చింది.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల జాబితాలో గేమింగ్ రుగ్మతకు చోటుంది గానీ, ఇంటర్నెట్ వ్యసనం పేరిట ప్రత్యేక జబ్బు లేదు. ఆటపై అదుపు తప్పడం, మిగతా అన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవన్నీ సాధారణంగా ఏడాది పాటు కొనసాగి చదువునో బంధాలనో గట్టిగా దెబ్బతీస్తేనే ఆ మాట వాడతాం. పదో తరగతి పరీక్షలయ్యాక వేసవంతా ఆడినంత మాత్రాన అది రుగ్మత కాదు. నెట్‌లో దొరికే ఇరవై ప్రశ్నల పరీక్షలో వచ్చిన మార్కులూ నిర్ధారణ కావు.

అపోహ: ముభావంగా ఉండే పిల్లలే ఇందులో చిక్కుకుంటారు, కలివిడిగా ఉండేవారికి భయం లేదు.

వాస్తవం: అధ్యయనాల్లో పదేపదే కనిపించేది వేరు. చిన్న విషయానికే ఆందోళన, దిగులు పడే స్వభావానికీ, పెట్టుకున్న పనిని క్రమంగా చేయలేని తీరుకూ అదుపు తప్పిన వాడకంతో సంబంధం ఎక్కువ. కలివిడితనం విషయంలో ఫలితాలు ఒక్కలా లేవు. ఎందరో స్నేహితులున్న అమ్మాయే ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టి, నిమిషానికోసారి తెరిచి చూసుకుని, లైకులు రాలేదని కాసేపట్లోనే తీసేస్తుంది. అక్కడి నుంచి ‘నేనంటే ఎవరికీ ఇష్టం లేదు’ అనుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టదు. తరగతిలో నోరు విప్పని అబ్బాయికి తన అభిరుచి పంచుకునే నలుగురు ఆన్‌లైన్‌లోనే దొరకవచ్చు. పైగా ఈ సంబంధాలు ఏది ముందో చెప్పవు. దిగులు వల్ల ఫోన్ పట్టుకున్నారా, ఫోన్ వల్ల దిగులు పెరిగిందా అన్నది ఆ పిల్లలతో మాట్లాడితేనే తెలుస్తుంది. తరచూ రెండూ నిజమే అవుతాయి.

అపోహ: ఫోన్ లాక్కుంటే సరిపోతుంది.

వాస్తవం: లాక్కుంటే ఫోన్ పోతుంది, దిగులు ఉండిపోతుంది. అంతకన్నా ప్రమాదం మరొకటుంది: ఫొటోలు అడ్డం పెట్టుకుని ఎవరో బెదిరిస్తున్నా, చెబితే ఫోన్ పోతుందన్న భయంతో పిల్లలు నోరు మెదపరు. చెప్పినందుకు ఫోన్ తీసుకోబోమని ముందే మాట ఇవ్వండి. అలాంటి బెదిరింపుల మీద ఫిర్యాదుకు సైబర్ నేరాల నంబరు 1930 ఉంది. రాత్రిళ్లు అమ్మానాన్నల ఫోన్లతో సహా అన్నీ హాల్లోనే చార్జింగ్‌కు పెట్టే ఇళ్లలో గొడవలు తక్కువగా చూశాను. ఆ ‘సహా’ దగ్గరే చాలామంది నాన్నలు వెనక్కి తగ్గుతారు. పిల్లలు చావు మాట ఎత్తితే మాత్రం ఫోన్ సంగతి పక్కన పెట్టి, వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416లో ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.