బాత్రూంలో యాసిడ్ పోసే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఇళ్ళలో బాత్రూములు శుభ్రం చేయించడం మా పని. సంక్రాంతి ముందు, పెళ్ళిళ్ళ ముందు ఊపిరాడదు. ఏ ఇంటికెళ్ళినా మొదట వినపడే మాట ఒకటే: "యాసిడ్ గట్టిగా పొయ్యండమ్మా, అదే వదిలిపోద్ది." నేను చూసినంతలో మా వైపు బాత్రూములు మురికి వల్ల కన్నా యాసిడ్ వల్లే ఎక్కువ పాడవుతున్నాయి.

అపోహ: ఏ మరకైనా యాసిడ్‌తో పోతుంది

ముందు ఆ మరక ఏమిటో చూడాలి. మన దగ్గర మరకలు నీళ్ళతోనే వస్తాయి. కాలవ నీళ్ళు వాడినన్నాళ్ళూ పెద్ద ఇబ్బంది ఉండదు. ఎండాకాలంలో కాలవలు కట్టేశాక బోరు మీద పడతాం. సముద్రం దగ్గరపడేకొద్దీ ఆ నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం కుళాయి మూతి చుట్టూ, గోడ టైల్స్ మీద తెల్లగా పేరుకుంటాయి. సబ్బు తోడైతే ఆ పొర ఇంకా మొండిగా పట్టేస్తుంది.

ఈ తెల్ల పొర ఆమ్లానికి కరిగే మాట నిజమే. అయితే దానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు వేడి నీళ్ళలో మూడు నాలుగు చెంచాలు కలిపి, పాత గుడ్డ తడిపి కుళాయికి చుట్టండి. పావుగంట ఆగి కొబ్బరి పీచుతో రుద్ది, నీళ్ళతో బాగా కడగండి. కోనసీమ పక్కనే ఉండి ఇనుప పీచు కొనడం ఎందుకో నాకు అర్థం కాదు. అది కుళాయిల మీద గీతలు పెడుతుంది, దాని ముక్కలు టైల్స్ సందుల్లో ఇరుక్కుని తుప్పు పడతాయి.

సైకిలు మీద సీసాల్లో అమ్మే ఘాటు యాసిడ్ సున్నపు పొరతో ఆగదు. టైల్స్ మధ్య పెట్టిన తెల్ల సిమెంటునూ తినేస్తుంది. ఆ సందుల్లోంచి నీరు దిగి, కొన్నాళ్ళకు పక్క గదిలో గోడ చెమ్మెక్కి సున్నం పెచ్చులూడుతుంది. అప్పుడు ప్లంబరును పిలిచి పైపు పగిలిందేమో చూడమంటారు. పాత ఇళ్ళలో మొజాయిక్ గచ్చులో ఉండేది పాలరాతి ముక్కలే. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే కాబట్టి అక్కడ నిమ్మ ఉప్పు కూడా వాడకూడదు. సబ్బు నీళ్ళే.

కమోడ్‌లో నీళ్ళు జారే దారిలో తుప్పు రంగు చారలుంటే బోరు నీళ్ళలో ఇనుము ఉన్నట్టు. దాని మీద బ్లీచింగ్ చల్లితే చార ఇంకా ముదురుతుంది. అక్కడా నిమ్మ ఉప్పే. బకెట్ అంచున, సబ్బు పెట్టె కింద గులాబీ రంగు జిగురు కనిపిస్తే అది ఇనుము కాదు, సెర్రేషియా అనే బాక్టీరియా పొర కావచ్చు. సబ్బుతో రుద్ది బకెట్‌ను ఎండలో బోర్లించండి.

అపోహ: యాసిడ్, బ్లీచింగ్ కలిపితే రెట్టింపు పని

దయచేసి ఈ పని ఎప్పుడూ చెయ్యకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్ర్ ఊరి దగ్గర సైనికుల మీదకు వదిలింది ఈ వాయువునే. గాలి కన్నా బరువు కాబట్టి కిందనే పేరుకుంటుంది. మన బాత్రూములో రుద్దే మనిషి కూర్చునేది కూడా నేల మీదే, తలుపు మూసి, చిన్న వెంటిలేటరు కింద. కమోడ్ కోసం అమ్మే నీలం రంగు క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లమే ఉంటుంది, కాబట్టి వాటితోనూ అదే ప్రమాదం. కళ్ళు మండి దగ్గు వచ్చిందంటే అన్నీ అక్కడే వదిలి బయటికి వచ్చెయ్యండి. ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళండి. మా పనివాళ్ళకు నేను పెట్టిన మొదటి నియమం, ఒక రోజు ఒక బాత్రూములో ఒకటే మందు.

ఈ రెండు సీసాలూ ఒకే అలమరలో పెట్టకండి. కూల్‌డ్రింక్ సీసాల్లో యాసిడ్ పోసి ఉంచే అలవాటు చాలా ఇళ్ళలో చూస్తున్నాను. పిల్లలున్న ఇంట్లో అది ఒక్క రోజు కూడా ఉండకూడదు.

అపోహ: ఫినాయిల్ వాసన వస్తే శుభ్రమైనట్టే

పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఇల్లు నెలల తరబడి తాళం వేసి ఉంటే, తలుపు తియ్యగానే గుప్పున కంపు కొడుతుంది. ఎంత ఫినాయిల్ పోసినా గంటకే మళ్ళీ మొదలు. నేలలోని జాలీ కింద ట్రాప్ ఉంటుంది. అందులో సుమారు 50 మిల్లీమీటర్ల లోతున నిలిచే నీరే పైపులోని దుర్వాసనను ఆపుతుంది. ఆ నీరు ఆవిరైతే వాసనా వస్తుంది, బొద్దింకలూ వస్తాయి. రెండు చెంబుల నీళ్ళు పోస్తే సరి. పక్కింటివారికి తాళం ఇచ్చి వెళ్ళేటప్పుడు ఈ పని కూడా అప్పజెప్పండి. ఇంట్లో మనుషులుండి కూడా వాసన వస్తుంటే జాలీ ఎత్తి చూడండి. తలంట్ల నాటి నలుగుపిండి, జుట్టు ముద్దై ఉంటుంది.

అపోహ: నీళ్ళు కొట్టి కడిగేస్తే చాలు

మన గాలిలో ఉండే చెమ్మకు కడిగిన నేల ఆరదు. వానాకాలంలో మూలల్లో నల్లగా పట్టే బూజుకు కారణం ఆ తడే. స్నానం కాగానే వైపర్‌తో నీరు లాగండి, తలుపు తెరిచి పెట్టండి. షాంపూ సీసాలు, చీపురు, మగ్గు నేల మీద కాకుండా గోడ కొక్కేలకు వేలాడితే కింద ఆరుతుంది. వేసుకునే మందులు, ఆరిన తువ్వాళ్ళు బాత్రూములో అసలు ఉంచకండి.

డ్రమ్ము సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డెంగీ దోమ నీటి మట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకు గుడ్లు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల పాటు బతుకుతాయి. నీరు పారబోస్తే సరిపోదు, వారానికోసారి లోపలి గోడను పీచుతో రుద్దాలి. వరదల్లో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు పటిక వేస్తాం కదా, అది బురదను అడుక్కి దించుతుందే కాని క్రిములను చంపదు.

అపోహ: సెప్టిక్ ట్యాంకు దాని పని అది చూసుకుంటుంది

రోజూ పోసే యాసిడ్, ఫినాయిల్ చివరికి చేరేది అక్కడికే. మలాన్ని కుళ్ళబెట్టే బాక్టీరియాను అవి చంపుతాయి, ట్యాంకు తొందరగా నిండుతుంది. రెండు మూడేళ్ళకోసారి మిషను బండితో తోడించండి. తగిన రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని లోపలికి దింపి శుభ్రం చేయించడం, చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ట్యాంకులో చేరే వాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి. ఎవరైనా తక్కువ డబ్బుకు దిగుతామన్నా ఒప్పుకోకండి.