అల్జాస్ తిండి, వైన్: అపోహలు – వాస్తవాలు

ఫ్రాన్స్ తూర్పు అంచున, రైన్ నదికీ వోజ్ కొండలకీ మధ్య సన్నగా సాగిన ప్రాంతం అల్జాస్. నేను స్ట్రాస్‌బూర్గ్‌లో ఒక రెస్టారెంట్ వంటింట్లో పనిచేస్తాను. తిండికొచ్చే మనవాళ్ల దగ్గర ఎక్కువగా వినపడే మాటలు ఇవి.

అపోహ: పొడుగాటి సన్న సీసా అంటే తీపి వైనే.

వాస్తవం: ఆ సీసా ఇక్కడి ఆనవాయితీ, రుచికి గుర్తు కాదు. అల్జాస్ వైన్‌లో దాదాపు 90 శాతం వైట్ వైనే. అందులో రీస్లింగ్ అనే రకం ద్రాక్షతో చేసేది మామూలుగా తీపి లేకుండా, పుల్లగా, పదునుగా ఉంటుంది. పడమటి నుంచి వచ్చే వానను వోజ్ కొండలు ఆపేస్తాయి కాబట్టి కోల్మార్ ఫ్రాన్స్‌లో అతి తక్కువ వాన పడే ఊళ్లలో ఒకటి. ఇంత చలి దేశంలోనూ ద్రాక్ష నిదానంగా, బాగా పండడానికి అదో కారణం. తీపి వైన్లు లేవని కాదు. ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసేవాటి లేబుల్ మీద ‘వాందాంజ్ తార్దీవ్’ అని ఉంటుంది. మిగతావాటికి 2021 పంట నుంచి తీపి ఎంతో లేబుల్ మీద చెప్పాలి. ‘సెక్’ అంటే తీపి లేనిది, ‘మొయెల్యూ’ అంటే బాగానే తీపి. సీసా ఆకారం వదిలేసి ఈ మాట వెతకండి.

అపోహ: షూక్రూత్ అంటే వెనిగర్‌లో నానబెట్టిన క్యాబేజీ.

వాస్తవం: వెనిగర్ చుక్క కూడా పడదు. సన్నగా తరిగిన క్యాబేజీకి ఉప్పు పట్టిస్తే, మాగాయ ముక్కల్లా, దానంతటదే నీరూరుతుంది. ఆ నీళ్లలో గాలి తగలకుండా అదిమి ఉంచితే, పెరుగును పులియబెట్టే కోవకు చెందిన బ్యాక్టీరియానే దీన్నీ పులియబెడుతుంది. తర్వాత వైట్ వైన్, జూనిపర్ అనే ఘాటు వాసన మసాలా కాయలు వేసి ఉడికించి, సాసేజ్‌లతో వడ్డిస్తాం. శాకాహారులకు ఒక హెచ్చరిక: సాసేజ్‌లు తీసేసి పెట్టమంటే సరిపోదు, క్యాబేజీ ఉడికిందే బాతు కొవ్వులోనో పంది కొవ్వులోనో అయి ఉండొచ్చు. పల్చటి రొట్టె మీద క్రీమ్, ఉల్లిపాయలు వేసి కాల్చే తార్త్ ఫ్లాంబే సంగతీ అంతే. పుట్టగొడుగులది అడిగినా పంది మాంసం ముక్కలు మామూలుగా ఉంటాయి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడగండి, మేమేం అనుకోం.

అపోహ: ఘాటు చీజ్‌కి రెడ్ వైనే జోడీ.

వాస్తవం: ఇక్కడి ఘాటు చీజ్ మున్‌స్టేర్. దాని కంపు పైతొక్కదే. ఉప్పునీళ్లతో కడుగుతూ మాగబెట్టడం వల్ల అక్కడ పెరిగే బ్యాక్టీరియా పని అది. లోపల మెత్తగా, వాసన భయపెట్టినంత ఘాటు లేకుండా ఉంటుంది. వగరు రెడ్ వైన్ తాగితే ఆ ఉప్పదనానికి నోరు చేదెక్కుతుంది. గులాబీ, లిచీ వాసనల ఇక్కడి వైట్ వైన్ గెవుర్ట్స్‌ట్రామినర్ తాగి చూడండి.

అపోహ: వైట్ వైన్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: ఫ్రిజ్ చలికి వాసన అణిగిపోతుంది. రీస్లింగ్‌కి 8–10 డిగ్రీలు చాలు.

అపోహ: వంటలో పోసిన వైన్‌లో ఆల్కహాల్ మొత్తం ఆవిరైపోతుంది.

వాస్తవం: చాలావరకు పోతుంది, మొత్తం పోదు. బేకోఫ్ సంగతి చూడండి. గొడ్డు, పంది, గొర్రె మాంసాలను రాత్రంతా వైట్ వైన్‌లో నానబెట్టి, బంగాళాదుంపలతో పొరలుగా మట్టిపాత్రలో పేర్చి, మూత చుట్టూ పిండి ముద్ద అంటించి, గంటల తరబడి ఓవెన్‌లో ఉంచుతాం. మూత బిగిస్తే ఆవిరి బయటికి పోయేదెక్కడ? మతం వల్లనో, మందుల వల్లనో ఆల్కహాల్ అసలు వద్దనుకునేవాళ్లు ఇక్కడ బేకోఫ్, షూక్రూత్ రెండూ మానేయాల్సిందే. డెజర్ట్‌లో కూడా బ్రాందీ ఉందేమో అడగండి.